దించింది: వర్షిత

తాండూరులోని ఫ్లెక్స్ షాపులోకి తహసీన్ దూసుకొచ్చిన తీరు చూసి సంతోష్ ప్రింటింగ్ మిషన్ ఆపేశాడు.

ఆ పిల్ల ఎప్పుడొచ్చినా గడప బయట చెప్పులు విడిచి, "అన్నా, ఉన్నదా మా వర్షి?" అని అడిగి గానీ లోపల అడుగుపెట్టదు. ఇవాళ చెప్పులతోనే వచ్చింది. కంప్యూటర్ ముందు కూర్చుని ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్స్‌కు పూలదండ అతికిస్తున్న వర్షితను కుర్చీతో సహా తన వైపు తిప్పుకుంది.

"మా అబ్బాను పోలీసులు పట్కపోయిన్రు."

"చాచానా? ఎందుకే?"

"ఫోటో దించి ఊరంతా పంచింది నువ్వు. ఎందుకని నన్నడుగుతున్నవా?"

తహసీన్ తన ఫోన్ తీసి వర్షిత ముఖానికి ఆనించినంత పని చేసింది. తెర మీద ఉన్నది వర్షితకు బాగా తెలిసిన బొమ్మే. తెల్లారుజాము పొగమంచు. కరణ్‌కోట రోడ్డు. తెల్లచీరలో, కుడిచేత్తో పాలక్యాను పట్టుకుని, వెనక్కి తిరిగి చూస్తున్న మొగులమ్మ. ఆమె వెనకాల మంచులోంచి పొడుచుకొస్తున్న టిప్పర్ మూతి. ఒక లైటు వెలుగుతోంది. రెండోది పగిలి ఉంది. అద్దానికి ఆకుపచ్చ గుడ్డ.

ఆ బొమ్మ మీద ఎవరో ఎర్రటి అక్షరాలు గుద్దారు. 'మొగులమ్మను గుద్ది పారిపోయిన టిప్పర్ ఇదే! ఓ అమ్మాయి సెల్‌ఫోన్‌కు చిక్కిన దృశ్యం! న్యాయం జరిగేదాకా షేర్ చేయండి!'

వర్షిత ఆ ఫోన్‌ను పక్కకు నెట్టింది.

"ఇది ఫోటో కాదు తహసీన్. బొమ్మ. నేను గీసిన."

"మరి కింద 'దించింది: వర్షిత' అని ఎవరు రాసిన్రు? మీ నాయిన రాసిండా?"

రాసింది వర్షితే.

వర్షిత ఊరు యాలాల్‌లో 'దించుడు' అన్న మాట రెండు పనులు చేస్తుంది. ఫోటో తీసినా దించినట్టే, గోడ మీద బొగ్గుతో ఏనుగును గీసినా దించినట్టే. వర్షిత చిన్నప్పుడు పలక మీద కోడిపుంజును గీసి చూపిస్తే నాయనమ్మ ఇంద్రమ్మ బుగ్గలు పుణికి, "ఏం దించినవే బిడ్డా!" అని మురిసిపోయింది. ఆ మాట పిల్ల చెవిలో అలాగే ఉండిపోయింది. పెద్దయ్యాక ఆన్‌లైన్లో బొమ్మలు పెట్టడం మొదలుపెట్టినప్పుడు, మిగతావాళ్లలా 'ఆర్ట్ బై' అని రాసుకోవడం ఆమెకు గొప్పలకు పోయినట్టు అనిపించింది. ప్రతి బొమ్మ కింద 'దించింది: వర్షిత' అని పెట్టుకుంది.

ఆమె చెయ్యి బొమ్మల్లోకి వచ్చిన దారి కూడా సూటిది కాదు. తండ్రి సుధాకర్ కందుల వ్యాపారం చేస్తాడు. కొత్త ఫోన్ కొనుక్కున్నప్పుడు పాతదాన్ని కూతురికిచ్చాడు. సిమ్ లేదు, బ్యాటరీ ఉబ్బిపోయింది, వెనక కెమెరా అద్దం మీద గీతలు. అయినా వర్షిత దాన్ని వదల్లేదు. డిగ్రీ చదివే రోజుల్లో ఆదివారం వస్తే చాలు, బస్సెక్కి వికారాబాద్ దాకా పోయి అనంతగిరి కొండల మీద మబ్బులు దించుకొచ్చేది. ఇంటికొచ్చి చూస్తే సగం ఫోటోలు మసక. చీకటి ఉన్న చోట ఆ కెమెరాకు ఏమీ కనపడేది కాదు. ఆమెకు మాత్రం కనపడింది. చెట్టు కింద కూర్చున్న మేక, దాని చెవి మీద ఎండ, అన్నీ గుర్తుండేవి. అందుకని ఫోన్లోనే ఒక ఉచిత యాప్ పెట్టుకుని, కెమెరా వదిలేసిన వాటిని వేలితో పూయడం మొదలుపెట్టింది. మొదట మేక చెవి. తర్వాత మేక. ఆ తర్వాత చెట్టు. ఒకరోజు చూసుకుంటే కింద ఫోటో అన్నదే మిగల్లేదు. అంతా ఆమె వేలే.

నేర్పినవాళ్లు లేరు. రంగు మీద రంగు ఎలా వెయ్యాలో, నీడ నల్లగా కాక నీలంగా ఎందుకుంటుందో చెడగొట్టుకుని తెలుసుకుంది. సంతోష్ షాపులో చేరాక కంప్యూటర్, పెన్ను టాబ్లెట్ దొరికాయి, జీతంతో సొంత ఫోన్ కొనుక్కుంది. ఆధార్ కార్డు మీది మసక ముఖం తెచ్చి, చనిపోయిన తండ్రికి శ్రద్ధాంజలి ఫ్లెక్స్ కావాలని వచ్చే కొడుకులకు ఆమె ఆ ముఖాన్ని తిరిగి గీసిచ్చేది. వాళ్లు కళ్లు తుడుచుకుని అడిగే మాట ఒకటే. "గీ ఫోటో ఏడికెల్లి దొరికింది మీకు?"

"ఫోటో కాదు, గీసిన" అంటే నవ్వేవాళ్లు.

ఇక కరీముద్దీన్ చాచా. తహసీన్ తండ్రి. సున్నపురాయి టిప్పర్ డ్రైవర్. సెలవు రోజుల్లో ఇద్దరు పిల్లల్నీ క్యాబిన్‌లో ఎక్కించుకుని క్వారీ గుంతల దాకా తీసుకుపోయేవాడు. నీళ్లు నిలిచిన పాత గుంతల రంగు వర్షితకు పిచ్చి. "జర జల్దీ దించు బేటా. సూపర్‌వైజర్ చూసిండంటే నన్ను గుంతల దించుతడు" అనేవాడు. తన జోకుకు తనే పడిపడి నవ్వేవాడు. అలాంటి ఒక పొద్దున మంచులో అతని టిప్పర్‌ను ఆమె ఫోటో తీసింది. ఒక లైటు పగిలి, ఒంటికన్నుతో చూస్తున్నట్టుంటే ముచ్చటేసింది.

మొగులమ్మ ఫోటో మరెప్పుడో తీసింది. కరణ్‌కోట కాలనీల్లో పాలు పోసే ముసలామె. బస్సు కోసం నిలబడితే పలకరించేది. పోయిన వారం తెల్లారుజామున ఏదో బండి ఆమెను కొట్టి ఆగకుండా పోయింది. ముసలామె అక్కడికక్కడే చనిపోయింది. ఏ బండో ఎవరూ చూడలేదు. వర్షిత రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడోనాడు యాలాల్ బస్సులో కిటికీ పక్కన కూర్చుని గీయడం మొదలుపెట్టింది. మొగులమ్మను తన ఫోటోలోంచి తీసుకుంది. వెనకాల ఏదో ఒక బండి కావాలి. చేతిలో ఉన్న టిప్పర్ ఫోటో అదొక్కటే.

అంతే. అంతకుమించి ఆలోచించలేదు. బొమ్మ బాగా కుదిరింది. పెట్టిన పూటే జనం పంచుకోవడం మొదలుపెట్టారు. ఎన్నడూ లేనంత మంది. ఫోన్ మోగినప్పుడల్లా లోపల చిన్న సంబరం కూడా కలిగింది. ఆ సంగతి ఇప్పుడు తహసీన్ ముందు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతోంది.

"బొమ్మ తీసేస్త. ఇప్పుడే తీసేస్త" అంటూ వర్షిత ఫోన్ అందుకుంది. తీసేసింది.

అది రెండో తప్పు. వాళ్లు ఆటోలో స్టేషన్ చేరేలోపే కొత్త మెసేజ్ చక్కర్లు కొడుతోంది. 'సాక్షిని బెదిరించి ఫోటో తీసేయించారు! మన దగ్గరున్నది అందరికీ పంపండి!'

* * *

ఎస్సై కసురుకునే మనిషి కాదు. అదే వర్షితను మరింత భయపెట్టింది. కుర్చీ చూపించాడు. టీ తెప్పించాడు. తహసీన్‌ను మాత్రం బయటే ఉండమన్నాడు.

"నేనే పిలిపిద్దామనుకుంటున్న. మంచిపని చేసినవమ్మా. నువ్వేనా దించింది?"

"అవ్ సార్. నేనే దించిన."

మాట నోట్లోంచి జారాక గానీ తను ఏమన్నదో ఆమెకు తట్టలేదు. పక్కన రైటర్ అప్పటికే కాగితం మీద కలం కదిలించేశాడు.

"కాదు సార్! దించిన అంటే ఫోటో దించుడు కాదు. బొమ్మ దించిన. అంటే గీసిన. చేతితోని గీసిన."

ఎస్సై రైటర్ వైపు చూశాడు. రైటర్ కలం ఆపాడు. ఇద్దరూ కలిసి తలుపు బయట నిలబడ్డ తహసీన్ వైపు చూశారు.

"ఇందాక దించిన అన్నవ్. ఇప్పుడు గీసిన అంటున్నవ్. ఎవరన్న బెదిరించిన్రా బిడ్డా? ఆ పిల్ల కరీముద్దీన్ బిడ్డ కదా?"

"నా దోస్తు సార్. ఎవ్వరు బెదిరియ్యలే. నేను ఆ దినం ఆడ లేనే లేను. మా ఇంట్ల పండుకున్న."

"మరి ఆ టిప్పర్ నీకెట్ల తెలుసు?"

వర్షితకు దారి దొరికినట్టయింది. సంచిలోంచి పాత ఫోన్ బయటికి తీసింది. వచ్చేటప్పుడు షాపు సొరుగులోంచి తెచ్చుకుంది. ఛార్జర్ పెట్టి, అది తెరుచుకునేదాకా ముగ్గురూ దాన్నే చూస్తూ కూర్చున్నారు. చివరికి టిప్పర్ ఫోటో వచ్చింది. అదే మంచు, అదే పగిలిన లైటు, అదే ఆకుపచ్చ గుడ్డ.

"చూడున్రి సార్. ఇది ఎప్పుడో తీసిన ఫోటో. దీన్ని చూసే గీసిన. లైటు అప్పుడే పగిలి ఉన్నది."

"ఎప్పుడు తీసినవ్?"

"డిగ్రీల ఉన్నప్పుడు."

ఎస్సై ఫోన్ అందుకుని ఫోటో వివరాలు తెరిచాడు. చూసి, నవ్వాపుకుంటూ రైటర్‌కు చూపించాడు. రైటర్ ఆపుకోలేదు.

"ఏందమ్మా ఇది? పంతొమ్మిది వందల డెబ్బై, జనవరి అని చూపిస్తున్నది. ఈ తారీఖుకు మీ నాయిన కూడ పుట్టి ఉండడు."

ఆ ఫోన్ అంతే. బ్యాటరీ పడిపోయిన ప్రతిసారీ తారీఖు మొదటికి పోతుంది. సిమ్ లేదు కాబట్టి దానంతటదే సర్దుకోదు. ఫోటోలు తీసుకోవడానికి తారీఖుతో ఏం పని అని ఆమె ఏనాడూ సరిచేయలేదు. అందులోని ఫోటోలన్నీ ఆమె పుట్టకముందువే.

"సరే, పాతదే అనుకుందాం. అయినా ఏం తేలింది?" ఎస్సై గొంతు ఇంకా నెమ్మదిగానే ఉంది. "బొమ్మల ఉన్నది కరీముద్దీన్ టిప్పరే అని తేలింది. మాకు అనుమానం ఉండె. నువ్వే తీర్చినవ్."

"సార్..."

"విను. నేను నీ ఫోటో ఒక్కటే చూసి మనిషిని పట్కరాలే. ఫోటో వల్ల బండి దొరికింది. బండిని చూస్తే ముందు బంపర్‌కు సొట్ట ఉన్నది, దాని మీద కొత్త రంగు ఉన్నది. క్వారీల రాయి తగిలింది అంటడు. లైటు కొత్తది. ఎప్పుడు మార్పించినవ్ అంటే పోయినేడు అంటడు. బిల్లేది అంటే, లారీ అడ్డ కాడ లైటుకు బిల్లు ఎవడిస్తడు సాబ్ అంటడు. ఆ పొద్దున ఆ రోడ్డు మీద పోయినవా అంటే, పోయిన అని ఆయనే చెప్పిండు. నువ్వే చెప్పు, నేనేం చెయ్యాలె?"

తను గీసిన పగిలిన లైటు చాచాను కాపాడాల్సింది. అదే అతని మెడకు చుట్టుకుంది. గుద్దినప్పుడు పగిలింది, తర్వాత మార్చాడు. ఎవరికైనా అదే అర్థమవుతుంది.

"యాప్‌ల చూపియ్యి గీసింది. ముక్కలు ముక్కలుగ ఉంటదంట కదా. మా కంప్యూటర్ పిల్లగాడు చెప్పిండు" అన్నాడు ఎస్సై.

అది కూడా లేదు. ఆమె ఫోన్లో చోటు ఎప్పుడూ నిండిపోయే ఉంటుంది. ఒక బొమ్మ పూర్తి కాగానే పొరలన్నీ కలిపేసి, ఒక్క ఫోటోలా దాచుకుని, మిగతాది తుడిచేస్తుంది. లేకపోతే తర్వాతి బొమ్మకు చోటుండదు. చిన్నప్పుడు పలక తుడుచుకున్నట్టు అలవాటైపోయిన పని.

"తుడిచేసిన సార్."

"అన్నీ తుడిచేస్తుంటవే నువ్వు."

అప్పుడు ఆమెకు చివరి ఆలోచన వచ్చింది. ఇది ముందే ఎందుకు తట్టలేదా అనిపించేంత తేలిక ఆలోచన.

"ఇప్పుడు మీ ముందల గీస్త సార్. ఏమీ చూడకుండ. అప్పుడు నమ్ముతరా?"

ఎస్సై చేతి గడియారం చూసుకుని, కుర్చీలో వెనక్కి వాలాడు. "గియ్యి."

ఆమె గీసింది. వేలితో, ఫోన్ తెర మీద, చెమట పట్టినప్పుడల్లా చున్నీకి తుడుచుకుంటూ. ముందు రోడ్డు. దాని మీద మంచు. మంచులోంచి టిప్పర్ మూతి. రైటర్ లేచొచ్చి వెనక నిలబడ్డాడు. ఇంకో కానిస్టేబుల్ వచ్చాడు. బంపర్ మీది అక్షరాల ఒంపులు, పగిలిన గాజులో మిగిలిన ముక్క ఆకారం, గుడ్డకు పడిన ముడి, అన్నీ వేలి కిందనుంచి ఒక్కొక్కటే లేచి వచ్చాయి. "అబ్బ, ఏం చెయ్యి రా నాయినా" అన్నాడు కానిస్టేబుల్.

తన బొమ్మ బొమ్మేనని మనుషులు కళ్లారా చూసి నమ్మడం ఆమెకు అదే మొదటిసారి. ఫోన్ బల్ల మీద పెట్టి ఎస్సై ముఖంలోకి చూసింది.

ఆయన ఫోన్ దగ్గరికి లాక్కుని బొమ్మను చూశాడు.

"నువ్వు గియ్యగలవ్. ఒప్పుకుంటున్న."

"అయితే చాచాను..."

"ఏమీ చూడకుండ, టిప్పర్ మీద గాజు ముక్క దాకా గీసినవ్. ఇంత కచ్చితంగ యాదికున్నదంటే ఏందన్నట్టు? నువ్వు చూసినవ్. ఫోటో దించకపోతే పోనీ, కళ్లతోని చూసినవ్. భయపడి బొమ్మ గీసి పెట్టినవ్." ఆయన ముందుకు వంగాడు. ఈసారి గొంతులో నిజంగానే జాలి ఉంది. "దోస్తు తండ్రి. నీ బాధ నాకు సమజైతది. కని ఆ ముసలమ్మకు కూడ ఎవరన్న ఉండాలె కదా బిడ్డా."

* * *

బయట వేపచెట్టు కింద తహసీన్‌కు కాస్త దూరంగా ఇంకో ఆడమనిషి నిలబడి ఉంది. వర్షితను చూడగానే గబగబా వచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

"నువ్వేనా అక్కా వర్షిత అంటే? నేను జ్యోతిరాణి. మొగులమ్మ కోడల్ని."

వర్షిత చేతులు లాక్కోలేకపోయింది.

"మా అత్తకు ఎవ్వరు లేరనుకున్నరక్కా ఈళ్లంత. రోజు తిరిగినం. ఏ బండో తెల్వదు పో అన్నరు. నువ్వు దించకపోతే కేసు గట్లనే మూసేస్తుండిరి." ఆమె చేతులు వదల్లేదు. "బెదిరిస్తున్రంట కదా నిన్ను. భయపడకు. మేమున్నం."

"అక్కా, అది... అది నేను నిజంగ చూసింది కాదు."

జ్యోతిరాణి ముఖంలో వెలుగు ఆరిపోలేదు. తహసీన్ వైపు ఒక చూపు విసిరి, వర్షిత చెవి దగ్గరికి వంగింది. "వాళ్ల ముంగట గట్లనే చెప్పు. నాకు తెలుసు."

ఆటో బస్టాండు దాటాక తహసీన్ ఒక్కసారిగా అంది.

"ఇంకో పని చెయ్యి. ఆడ ఉన్న అని చెప్పు. చూసిన అని చెప్పు. కని గుద్దింది ఇంకో బండి అని చెప్పు."

"మరి బొమ్మల మీ అబ్బా బండి ఎందుకు పెట్టిన అంటరే?"

"ఏమో. నీకే తెల్వాలె. లేనిది పుట్టిచ్చుడు నీకే వస్తది కదా."

ఇంటి దగ్గర తండ్రి సుధాకర్ కూడా కథ వినేశాడు. "ఉన్నదున్నట్టు చెప్పినవ్ కదా. ఇగ స్టేషన్ మొఖాన పోకు" అన్నాడు. ఉన్నదున్నట్టు చెప్పింది. అదే సమస్య. ఉన్నదున్నట్టు ఎన్నిసార్లు చెప్తే, చాచా చుట్టూ ఉచ్చు అంత బిగుస్తోంది.

ఆమె ఆన్‌లైన్లో ఒక వీడియో పెట్టింది. ఏడుస్తూ, అది బొమ్మేనని, తను అక్కడ లేనని, టిప్పర్ పాత ఫోటోలోంచి తీసుకున్నదని చెప్పింది. దాన్ని చూసినవాళ్లు తక్కువ. చూసినవాళ్లు కింద రాసిందీ ఒకటే. 'పాపం, ఎంత భయపెట్టిన్రో చూడండి.'

* * *

తాండూరులో జడ్జి సెలవులో ఉండటంతో మర్నాడు కరీముద్దీన్‌ను వికారాబాద్ కోర్టుకు తీసుకెళ్లారు. తహసీన్, వర్షిత పొద్దున రైలెక్కారు. ఒకే సీటు మీద కూర్చున్నారు గానీ మధ్యలో తహసీన్ సంచి ఉంది. దారి పొడుగునా కిటికీ బయట కందిచేలు, ఎర్రమట్టి, మంచు. మామూలుగా అయితే వర్షిత చెయ్యి ఫోన్ మీదికి పోయేది. ఇవాళ దాన్ని సంచి అడుగున తోసేసింది.

కోర్టు వరండాలో కరీముద్దీన్ ఒక స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. గడ్డం మాసిపోయింది. పక్కన కానిస్టేబుల్. నిన్న స్టేషన్లో బొమ్మను మెచ్చుకున్నవాడే. వర్షితను గుర్తుపట్టి, "రెండు నిమిషాలు" అన్నట్టు వేళ్లు చూపించి ముఖం అటు తిప్పుకున్నాడు.

తహసీన్ తండ్రి చొక్కా కాలరు సరిచేసింది. అతను కూతురి తల నిమిరాడు. కానీ కళ్లు మాత్రం వర్షిత మీదే ఉన్నాయి. ఆ చూపులో కోపం ఉంటుందని ఆమె రాత్రంతా సిద్ధపడింది. కోపం లేదు. అంతకంటే పాడుది ఏదో ఉంది.

"బేటా, నిజం చెప్పు. నువ్వు చూసినవా?"

"చాచా! నువ్వు కూడనా?"

"ఫికర్ చెయ్యకు. నేనేమనను." అతను గొంతు తగ్గించాడు. "వాళ్లు నీ ఫోటో చూపిచ్చిన్రు నాకు. ఒకసారి కాదు, మస్తుసార్లు. ఆ పొద్దున మంచు మస్తుగ ఉండె. రోడ్డు కనపడకుండె. ఒక్క దగ్గర బండి జర ఎగిరింది. గుంత అనుకున్న. ఆగలే. ఆ రోడ్డుకు గుంతలు కొత్తనా? రోజు ఎగురుతది. మర్చిపోయిన. ఇప్పుడు నీ ఫోటో చూసినకాడికెల్లి..."

"అది గుంతనే చాచా."

"నీకెట్ల తెలుసు?"

వర్షిత నోరు తెరిచింది.

"నువ్వు ఆడ ఉన్నవా బేటా? ఉంటే చెప్పు. నువ్వు చూసి, గుంతనే అంటే, అల్లా కసం, నాకు గంతే చాలు. కేసు ఏమైనా కానీ. నాకు మాత్రం నిద్ర పడతది."

పక్కనుంచి తహసీన్ ఆమె మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. చెప్పు, ఉన్న అని చెప్పు, అని ఆ వేళ్లు అంటున్నాయి. ఉన్నానంటే ఆమె సాక్షి అవుతుంది. కానిస్టేబుల్ చెవులు ఇటే ఉన్నాయి. చూసినదానివి, నీ బొమ్మలో ఈ టిప్పరే ఎందుకుందని లోపల అడుగుతారు. లేనంటే, ఈ పెద్దాయన మనసులో ఎగిరిన బండిని కిందికి దించే మాట ఆమె దగ్గర లేదు. గుంత కావచ్చు. కాకపోవచ్చు. ఆమెకు తెలియదు. తెలియకుండానే గీసింది.

"లేను చాచా. నేను ఆడ లేను. ఏమీ చూడలే. ఊరికే... ఊరికే గీసిన."

కరీముద్దీన్ ఆమెనే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత చిన్నగా తల ఊపాడు, పిల్లలు చెప్పే అబద్ధాన్ని పెద్దవాళ్లు క్షమించినట్టు.

"ఊరికే ఎవరన్న గంత నిజంగ గీస్తరా బేటా."

లోపలినుంచి కరీముద్దీన్ పేరు పిలిచారు.

వర్షిత, తహసీన్ వెనకే పోయి గోడవారగా నిలబడ్డారు. గదిలో జనం పల్చగా ఉన్నారు. జడ్జి మేడమ్ కాగితాలు తిరగేసి, పోలీసులు కొట్టారా, ఇంట్లోవాళ్లకు తెలిపారా, లాయర్ ఉన్నాడా అని వరసగా అడిగింది. కొట్టలేదన్నాడు. తెలిపారన్నాడు. లాయర్ లేడన్నాడు. పెట్టిస్తామని ఆమె చెప్పింది. అక్కడితో అయిపోయేది.

"మేడమ్, నాకు యాదికొచ్చింది" అన్నాడు కరీముద్దీన్.

"ఇప్పుడు అవేవీ చెప్పనక్కర్లేదు. మీ లాయర్‌తో మాట్లాడండి."

"కాదు మేడమ్. ముందు గుంత అనుకున్న. ఇప్పుడు మంచిగ యాదికొచ్చింది. ముసలమ్మ కుడిచేతిల పాలక్యాను పట్టుకుని పోతుండె. నా లైటు ఆమె మీద పడ్డది. వెనక్కి తిరిగి చూసింది. నా దిక్కే చూసింది."

మొగులమ్మ క్యాను ఎన్నడూ చేత్తో పట్టుకునేది కాదు. నెత్తిన పెట్టుకునేది. నెత్తిన క్యాను ఉంటే ముఖం మీద వెలుగు పడటం లేదని, బస్సులో కూర్చుని, తనే దాన్ని కిందికి దించి కుడిచేతిలో పెట్టింది. వెనక్కి తిరిగి చూడటం తన ఫోటోలోది. తను పిలిస్తే ఆమె తిరిగిన క్షణం.

"మేడమ్! అది ఆయన చూసింది కాదు! అది నేను పెట్టిన! క్యాను నేను పెట్టిన చేతిల!"

జడ్జి తలెత్తింది. "ఎవరమ్మాయి మీరు?"

"నేనే మేడమ్ దించిన..."

ఆ మాటే వచ్చింది మళ్లీ. నాలుక మీద ఇంకో మాట లేనట్టు. ఎస్సై లేచి జడ్జికి మెల్లగా ఏదో చెప్పాడు. 'సాక్షి' అన్న ఒక్క ముక్క వినిపించింది. జడ్జి కళ్లజోడు తీసి, "చూడమ్మా, మీ వంతు వచ్చినప్పుడు పిలుస్తారు. అప్పుడు అంతా చెప్పండి. ఇప్పుడు బయట కూర్చోండి" అంది. కోప్పడలేదు. ఎవరూ ఆమెను కోప్పడటం లేదు. బంట్రోతు వచ్చి చేతితో దారి చూపించాడు. తలుపు మూసుకునేలోపు కరీముద్దీన్ గొంతు ఇంకొంచెం వినిపించింది. తెల్లచీర సంగతి చెప్తున్నాడు. తొందర లేకుండా, ఒక్కొక్క రంగూ గుర్తు తెచ్చుకుంటూ.

తహసీన్ కూడా బయటికొచ్చింది. వర్షిత వైపు చూడకుండా మెట్లు దిగి, చెట్టు కింద ఆగిన ఆటోల వైపు నడిచింది, లాయర్ను వెతకడానికో, మరెందుకో. వర్షిత పిలవబోయి ఆగిపోయింది.

వరండాలో ఒక్కటే బల్ల ఉంది. దాని మీద జ్యోతిరాణి, ఆమె వెంట వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. వర్షితను చూసి జ్యోతిరాణి పక్కకు జరిగి చోటు చేసింది. కొంగుతో బల్ల మీది దుమ్ము దులిపింది.

"కూసో అక్కా. పిలిచేదాక మాతోనే ఉండు."

వర్షిత వద్దనాలనుకుంది. కూర్చోవడానికి ఇంకో చోటు లేదు. కూర్చుంది.